శాసనమునకు లోబడవలసిన రాజు: టోంగా దీవుల జార్జి తుపౌ జీవితము



ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము చివరి భాగములో ఇశ్రాయేలు రాజులకు దేవుడు విధించిన నియమము ఒకటి యున్నది. రాజు సింహాసనమెక్కిన పిమ్మట ధర్మశాస్త్రపు ప్రతినొకదానిని తనకొరకు వ్రాసికొని, బ్రదుకు దినములన్నియు దానిని చదువుకొనవలెను. గుర్రములను, వెండి బంగారములను కూర్చుకొనుటయందు మనస్సు నిలుపరాదు. తన సహోదరులకంటె తాను పైవాడనని విఱ్ఱవీగరాదు. శాస్త్రము రాజు చేతిలోని కఱ్ఱ కాదు, రాజు మెడమీది కాడి అని దీని భావము. ఈ కాడిని నిజముగా మోసిన రాజులు బైబిలులో కొద్దిమందియే. లోకచరిత్రలో ఇంకను తక్కువ.

ఈ నెల మేము మీ యెదుట ఉంచుచున్నది అట్టి కాడిని తానై మెడకెత్తుకొనిన యొక రాజు చరిత్రము. అతడు గొప్ప సామ్రాజ్యము నేలినవాడు కాడు. సముద్రము నడుమ చిన్న దీవుల నేలినవాడు. పేదవానికి నేల నిచ్చినవాడు, వెట్టిని మాన్పినవాడు. అయినను ముసలితనములో ఒక విషయమందు తానే వ్రాసిన శాసనమును దాటి, తన జనులను బాధపెట్టినవాడు. అతని మేలును, అతని తప్పును రెంటిని దాచక చెప్పుట మాకు న్యాయముగా తోచుచున్నది. పరిశుద్ధ గ్రంథము దావీదు చరిత్రను అట్లే చెప్పినది గదా.

దీవులు, జనులు

టోంగా అను దేశము పసిఫిక్ మహాసముద్రపు దక్షిణ భాగములో నున్నది. 1903 మొదలుకొని మన తెలుగు కూలీలు అనేకులు ఓడలెక్కి చెరకు తోటల పనికి వెళ్లిన ఫిజీ దీవులకు అది తూర్పు దిక్కున, ఆగ్నేయమువైపుగా నుండును. మొత్తము సుమారు 170 దీవులు. వానిలో ఎక్కువ భాగము మనుష్యులు లేనివి. దీవులన్నిటిని కలిపినను నేల సుమారు 750 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అనగా మన పాత గుంటూరు జిల్లాలో పదిహేనవ వంతు. దక్షిణమున టోంగాటాపు, నడుమ హాపాయి, ఉత్తరమున వవావు అని దీవులు ముఖ్యముగా మూడు గుంపులు. 2021 సంవత్సరపు లెక్కలలో జనసంఖ్య ఇంచుమించు ఒక లక్ష. పెండలము, చేమ, అరటి, కొబ్బరి, చేపలు వారి అనాదియైన ఆహారము.

పూర్వము ఆ దేశములో మనుష్యులు రెండు తెగలుగా నుండిరి. పైన రాజులు, నాయకులు. క్రింద సామాన్యులు. సామాన్యునికి తనదని చెప్పుకొనుటకు సెంటు నేల లేదు. అతడు పండించిన పెండలము, పట్టిన చేప, అల్లిన చాప, కడకు అతని దేహము సహితము నాయకునివే. పిలిచినప్పుడెల్ల వెట్టికి పోవలెను. ఇంతకంటె దుఃఖకరమైన దొకటి కలదు. నాయకులు చనిపోయినప్పుడు వారి ఆత్మలు పులోటు అను సుఖలోకమునకు పోవుననియు, సామాన్యునికి మరణానంతరము ఆత్మయే లేదనియు ఆ దేశపు నమ్మిక. ఈ లోకములో నేల లేదు, పైలోకములో చోటు లేదు. అట్టి జనుల మధ్యకు సువార్త వచ్చినదని మనము మరువకూడదు.

యుద్ధవీరుడు

మన కథానాయకుడు తౌఫాఆహౌ సుమారు 1797లో పుట్టెను. ఆ సంవత్సరముననే లండను మిషనువారి మొదటి పనివారు డఫ్ అను ఓడలో వచ్చి టోంగాలో దిగిరి. రెండేండ్లకే, 1799లో, తౌఫాఆహౌ తాతయైన టుకుఆహో హత్యకు గురియయ్యెను. దేశమంతట యుద్ధములు చెలరేగెను. మిషనరీలలో ముగ్గురు ఆ అల్లరులలో చంపబడిరి. మిగిలినవారు 1800లో ఓడ దొరకగా వెళ్లిపోయిరి. ఆ తరువాత యుద్ధములు ఆగుచు, రేగుచు ఏబది సంవత్సరములు సాగెను. తోటలు కాలిపోయెను, కరవు వచ్చెను.

బాలుడు ఆ యుద్ధముల నడుమనే పెరిగెను. ఎత్తరి, బలాఢ్యుడు, సముద్రమన్నను కత్తియన్నను భయమెరుగనివాడు. 1820లో తండ్రి చనిపోగా హాపాయి దీవుల నాయకత్వము అతనికి వచ్చెను. 1826లో లౌఫిలిటోంగా అను నతనిని వెలాటా కోటవద్ద జయించెను. ఈ లౌఫిలిటోంగా టోంగావారు దైవాంశగా పూజించుచు వచ్చిన అనాది రాజవంశములో కడపటివాడు. ఈ జయముతో తౌఫాఆహౌ పేరు దీవులన్నిటను మారుమ్రోగెను.

విగ్రహములను విడిచినవాడు

ఆ 1826లోనే వెస్లియన్ మిషనుకు చెందిన జాన్ థామస్ అను దైవజనుడు టోంగాటాపులో దిగెను. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. ఇంగ్లాండులో కమ్మరి పని చేసికొనినవాడు. తౌఫాఆహౌ ఈ క్రొత్త బోధనుగూర్చి విని, తన దీవులకు కూడ ఒక బోధకుని పంపుమని అడిగెను. తెల్లవారిలో ఎవరును దొరకనందున పీటా వీ అను టోంగా విశ్వాసిని పంపిరి. క్రొత్తగా నమ్మిన యొక స్వదేశీయుడు, పుస్తకములు ఎక్కువ లేనివాడు, రాజు యింట కూర్చుండి అక్షరములు నేర్పి వాక్యము చెప్పెను. మన పల్లెలలో సువార్త మొదట ఎవరి నోట వినబడినదో తలంచుకొనినయెడల ఇది మనకు వింతగా తోచదు.

తౌఫాఆహౌ తొందరపడి నమ్మినవాడు కాడు. తన దేవతలకు శక్తి కలదో లేదో ముందుగా పరీక్షించెను. వానిని అవమానించి చూచెను. కీడేమియు రాలేదు. కడకు విగ్రహములను గుడినుండి తెచ్చి ఇంటి దూలమునకు మెడలు కట్టి వ్రేలాడదీసెను. వచ్చిన మిషనరీలు వానిని కన్నులార చూచిరి. 1831లో జాన్ థామస్ చేతిమీదుగా బాప్తిస్మము పొంది, ఇంగ్లాండు రాజు పేరున జార్జి అని పిలువబడెను. అతని భార్య ఆ దేశపు రాణి పేరున సాలోటే అని పేరు పెట్టుకొనెను. షార్లెట్ అను పేరును టోంగావారు పలుకు విధమది.

1833లో వవావు ప్రభువు చనిపోవుచు తన దీవులను జార్జి చేతికప్పగించెను. 1834లో వవావులోని ఉటుయి గ్రామమున గొప్ప ఉజ్జీవము పుట్టి దీవినుండి దీవికి ప్రాకెను. జనులు దినముల తరబడి పనులు మాని ప్రార్థించిరి. రాజును రాణియు సామాన్యుల నడుమ మోకరించి ఏడ్చిరి. పిమ్మట జార్జి స్థానిక ప్రసంగికుడుగా నియమింపబడి, రాజై యుండియు తన వంతు వచ్చిన ఆదివారమున ప్రసంగపీఠమెక్కి వాక్యము బోధించుచుండెను. లిఫుకాలో కట్టిన గొప్ప దేవాలయమునందు పూర్వము యుద్ధములలో వాడిన ఈటెలను బల్లయొద్ద కఠకటాలుగా అమర్చిరని చెప్పుదురు. యెషయా ప్రవక్త చూచిన దర్శనమును ఆ దీవులవారు తమ చేతులతోనే చేసి చూపిరి.

దోసెడు మన్ను

1839లో జార్జి వవావు దీవులకు ఒక చట్టమును ప్రకటించెను. టోంగా భాషలో వ్రాయబడిన మొదటి చట్టము అదే. నరహత్య, దొంగతనము, వ్యభిచారము కూడదనియు, ఆదివారము పని మానవలెననియు అందులో నుండెను. నెలకొకసారి కూర్చుండి తగవులు తీర్చు న్యాయాధిపతులను ఏర్పరచెను. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, నాయకులును ఆ చట్టమునకు లోబడవలెను. నాయకులు తమ క్రింది జనులను ప్రేమతో చూచుకొని, ఒక్కొక్కనికి సాగు చేసికొనుటకు నేలను, ఆ నేలను దున్నుకొనుటకు తీరికను ఇయ్యవలెనని రాజు అందులో ఆజ్ఞాపించెను. వెట్టి చేయువానికి నేల యొక్కటే చాలదు, దానిమీద పని చేయుటకు దినములు కూడ కావలెనని ఎరిగినవాడు ఈ మాట వ్రాసెను.

ఆ సంవత్సరమే నెయాఫులోని పౌఒనో అను చోట రాజు దోసెడు మన్ను తీసి ఆకాశమువైపు ఎత్తి, తన దేశమును, జనులను, రాబోవు తరములను దేవునికి సమర్పించెనని టోంగావారు నేటికిని చెప్పుకొందురు. భూమి నాదని దేవుడు లేవీయకాండము 25వ అధ్యాయములో చెప్పిన సంగతి ఆ దోసెడు మన్నులో నున్నది. భూమి దేవునిదైనప్పుడు రాజు దానికి యజమానుడు కాడు, అప్పగింత పుచ్చుకొనిన గృహనిర్వాహకుడు మాత్రమే. జార్జి తరువాత చేసిన కార్యములలో మంచివన్నియు ఈ వేరునుండి పుట్టినవే.

1845లో టుఇ కనోకుపోలు అను బిరుదము అతనికి వచ్చెను. అంతటితో మూడు గుంపుల దీవులును అతని యేలుబడిక్రిందికి చేరెను. అయితే టోంగాటాపులోని కొందరు నాయకులు అతనిని ఒప్పుకొనలేదు. యుద్ధముల విషయములో ఒక సంగతి దాచరాదు. 1837లో టోంగాటాపులో జరిగిన పోరాటమున క్రైస్తవులమని చెప్పుకొనిన పక్షమువారు కోటలో చిక్కిన స్త్రీలను పిల్లలను సహితము చంపిరి. సువార్త పేరున జరిగిన ఆ పని ఆ పేరునకే అవమానము. 1852లో పేయా, హౌమా కోటలు తిరుగబడినప్పుడు జార్జి మరియొక విధముగా నడచెను. నెలల తరబడి ముట్టడి వేసి, లొంగిన పిమ్మట తిరుగుబాటుదారుల ప్రాణములు తీయక క్షమించి విడిచిపెట్టెను. పదిహేనేండ్లలో రాజు హృదయము ఏమి నేర్చుకొనినదో ఈ రెండు కోటల కథలే చెప్పుచున్నవి. ఆ క్షమతో టోంగాలో అంతర్యుద్ధములు ముగిసెను.

సిడ్నీ వీధులలో చూచినది

1850లో దేశమంతటికి ప్రకటించిన చట్టమునందు పరదేశులకు నేల అమ్మరాదని జార్జి శాసించెను. అప్పటికి చుట్టుప్రక్కల దీవులలో తెల్ల వర్తకులు తుపాకికి, సారాకు, గుడ్డముక్కకు నేలను వ్రాయించుకొనుచుండిరి. 1853లో రాజు ఓడనెక్కి ఆస్ట్రేలియాలోని సిడ్నీ పట్టణమును చూడబోయెను. గొప్ప మేడలు, అంగళ్లు, ఓడరేవులు చూచెను. వానితోపాటు వీధులలోను, తోటలలోను పండుకొనిన పేదలనుగూడ చూచెను. వీరికి ఇండ్లు ఎందుకు లేవని విచారింపగా, నేల కొందరిదనియు, అద్దె కట్టలేనివారికి చోటు లేదనియు తెలిసెను. ఈ సంగతి అతని మనస్సులో నాటుకొనెనని టోంగా చరిత్రకారులు చెప్పుదురు. ఇంత ధనము గల పట్టణములో నిలుచుటకు చోటు లేని మనుష్యుడుండుట ఆ దీవుల రాజునకు అన్నిటికంటె గొప్ప వింతయై తోచెను.

తరువాత తొమ్మిదేండ్లకు, 1862 జూన్ 4న, అతడు క్రొత్త చట్టమును ప్రకటించెను. దానితో వెట్టి పోయెను. ఏ నాయకుడును సామాన్యునిచేత ఊరక పని చేయించుకొనరాదు, అతని సొత్తును బలవంతముగా తీసికొనరాదు. నాయకులు జనులకు నేలను పంచి యియ్యవలెను. శిస్తు కట్టుచున్నంతకాలము ఆ నేలనుండి వారిని వెళ్లగొట్టరాదు. నాయకులు సణిగిరి, అయినను రాజు వెనుకతీయలేదు. ఆ జూన్ 4వ తేదీని టోంగావారు విమోచన దినముగా ఆచరింతురు.

రాజ్యాంగము

1875 నవంబరు 4న టోంగాకు రాజ్యాంగము వచ్చెను. దానిని వ్రాయుటలో షర్లీ బేకర్ అను మిషనరీ రాజునకు తోడ్పడెను. హవాయి దీవుల రాజ్యాంగమునుండి కొన్ని అంశములు తీసికొనిరి. అందులోని ముఖ్య సంగతులు ఇవి. దాస్యము ఆ దేశములో ఉండరాదు. మరియొక దేశమునుండి పారివచ్చిన దాసుడు టోంగా నేలపై కాలు మోపగానే స్వతంత్రుడు. నాయకునికిని సామాన్యునికిని న్యాయము ఒక్కటే. ప్రతివాడును తన మనస్సాక్షి చొప్పున దేవుని ఆరాధింపవచ్చును. ఆదివారము పరిశుద్ధదినము. శాసనసభలో నాయకులు 20 మంది, జనులు ఎన్నుకొనినవారు 20 మంది కూర్చుందురు. నేల ఎవరును అమ్మరాదు. రాజు సహితము రాజ్యాంగమునకు లోబడినవాడు.

ఆ కాలములో ఆ సముద్రమందలి దీవులన్నియు ఒకదాని తరువాత ఒకటి పరరాజ్యముల పాలగుచుండెను. ఫిజీ 1874లో ఇంగ్లాండు వశమయ్యెను. తాహితి, సమోవా, హవాయి మొదలైనవి వెనుకనో ముందో అదే దారి పట్టెను. జార్జి 1876లో జర్మనీతోను, 1879లో ఇంగ్లాండుతోను స్నేహపు ఒడంబడికలు చేసికొని తన దేశమును నిలువబెట్టుకొనెను. వ్రాసిన చట్టము, కట్టుదిట్టమైన ప్రభుత్వము కలిగిన దేశమును అడవిదేశమని చెప్పి ఆక్రమించుట ఎవరికిని సుళువు కాదు. 1866లో జేమ్స్ మౌల్టన్ అను మిషనరీ స్థాపించిన తుపౌ కాలేజిలో చదివిన టోంగా యువకులు ఆ ప్రభుత్వపు కొలువులలో చేరిరి.

కానుకలు, అప్పులు

ఇంతవరకు మేము చెప్పినది రాజుయొక్క ఘనత. ఇక మిగిలినది దుఃఖకరమైన భాగము. అది సంఘము డబ్బుతో మొదలయ్యెను.

టోంగా జనులు ఇచ్చుటలో ఉదారులు. ఏటేట మిషను కానుకల దినమున కొబ్బరినూనెను, తరువాత ఎండుకొబ్బరిని, డబ్బును తెచ్చి బల్లయొద్ద పోయుచుండిరి. 1870 తరువాతి యేండ్లలో బేకర్ ఒక పద్ధతి తెచ్చెను. జర్మను వర్తకుల కంపెనీ కానుక దినమునకు ముందుగా జనులకు నాణెములు అప్పిచ్చును. వారు ఆ నాణెములను కానుకగా వేసి, పిమ్మట ఎండుకొబ్బరితో అప్పు తీర్చవలెను. ఊరు ఊరితో, వంశము వంశముతో పోటీపడి ఇచ్చిరి. కానుకల మొత్తము చూచి దూరదేశములవారు ఆశ్చర్యపడిరి. పండుగ దాటిన పిమ్మట అప్పు మాత్రము జనుల మెడమీద నిలిచెను. తీర్చలేనివారిపై వర్తకులు దావాలు వేసిరి. కానుక దేవునికి చేరినదో లేదో దేవుడే ఎరుగును. కొబ్బరిచెట్టు కాయలు మాత్రము కంపెనీకి చేరెను.

ఆ డబ్బులో పెద్ద భాగము ఆస్ట్రేలియాలోని మిషను కార్యస్థానమునకు పోవుచుండెను. తమ జనులు ఇచ్చిన డబ్బు తమ సంఘమునకే ఉపయోగపడవలెననియు, తమ సంఘము తమ చేతిలో ఉండవలెననియు రాజు కోరెను. ఆ కోరికలో తప్పు లేదు. మన దేశములోను సంఘములు స్వపోషణ, స్వపరిపాలన కోరుకొనినవి గదా. మిషనువారు ఆలస్యము చేసిరి. ఈలోగా బేకర్ మిషనును విడిచి 1880లో రాజునకు ప్రధానమంత్రి ఆయెను. 1885లో రాజు స్వతంత్ర వెస్లియన్ సంఘమును ప్రకటించెను. మౌల్టనును, కొద్దిమంది విశ్వాసులును పాత సంఘముననే నిలిచిరి.

ఇచ్చట రాజు తొట్రిల్లెను. సంఘమును స్థాపించుట వేరు, ప్రతివానిని అందులో చేరుమని బలవంతపెట్టుట వేరు. చేరనివారు ద్రోహులుగా ఎంచబడిరి. ఉద్యోగములు పోయెను. 1887 జనవరిలో కొందరు బేకరుపై తుపాకి కాల్చిరి. అతడు బ్రదికెను గాని అతని కుమారునికిని కుమార్తెకును గాయములు తగిలెను. నేరమునకు ఆరుగురికి మరణశిక్ష విధించిరి. ఆ కోపములో ఇతర దీవులనుండి వచ్చిన యోధులు, నేరముతో ఏ సంబంధమును లేని పాత సంఘపు విశ్వాసులను కొట్టిరి, వారి యిండ్లు దోచిరి, తోటలు పాడుచేసిరి. అనేకులు ఓడలెక్కి ఫిజీకి పారిపోయిరి. పాత సంఘమును విడువక దేశము విడిచినవారిలో రాజుయొక్క సొంత కుమార్తెయు ఉండెను.

పండ్రెండేండ్ల క్రితము, ప్రతివాడు తన మనస్సాక్షి చొప్పున ఆరాధింపవచ్చునని ముద్ర వేసిన చేయి ఇదే. శాసనము మారలేదు. దానిలోని అక్షరములు అట్లే యున్నవి. రాజు మాత్రము దానికి పైన నిలిచెను.

2 దినవృత్తాంతములు 26వ అధ్యాయములో ఉజ్జియా రాజు కథను చదివినప్పుడు మేము జార్జి తుపౌను తలంచుకొందుము. ఉజ్జియా బావులు త్రవ్వించెను, వ్యవసాయమునందు ప్రీతిగలవాడై యుండెను, జనులకు మేలు చేసెను. అయినను స్థిరపడిన పిమ్మట మనస్సున గర్వించి, యాజకుల పనిని తన చేతిలోనికి తీసికొనుటకు దేవాలయములో ప్రవేశించెను. రాజదండము పొలమువరకు పోవచ్చును, పశువులవరకు పోవచ్చును. మనుష్యుడు దేవునియెదుట మోకరించు చోటికి మాత్రము అది పోరాదు.

కడవరి దినములు

1890లో ఇంగ్లాండుపక్షమున ఆ సముద్ర దీవులకు హై కమీషనరుగా నున్న సర్ జాన్ థర్‌స్టన్ బేకరును టోంగానుండి వెళ్లగొట్టెను. ఫిజీకి పోయినవారు తిరిగి వచ్చిరి. రాజుయొక్క కుమార్తెయు వచ్చెను. ఆరాధన స్వాతంత్ర్యము మరల నిలిచెను. అంతకు ముందే రాజునకు ఇంటిలో దుఃఖము మీద దుఃఖము కలిగి యుండెను. కుమారులు, మనుమలు తన కన్నులయెదుటనే చనిపోయిరి. 1893 ఫిబ్రవరి 18న, తొంబది యేండ్లు దాటిన వృద్ధుడై జార్జి తుపౌ కన్నుమూసెను. మునిమనుమడు రెండవ జార్జి తుపౌ రాజయ్యెను. రాజు చేసిన చీలిక మానుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను. 1924లో అతని వంశపు రాణియైన సాలోటే పాటుపడి రెండు సంఘములలో పెద్ద భాగమును తిరిగి యేకము చేసెను. 1953లో లండనులో ఎలిజబెతు రాణి పట్టాభిషేకపు ఊరేగింపునాడు, జోరు వానలో బండి కప్పు వేయనీయక తడియుచు జనులకు నవ్వుచు నమస్కరించిన రాణి ఈమెయే.

నేటి టోంగా

టోంగా 1900లో ఇంగ్లాండు సంరక్షణలో చేరినను తన రాజును, తన చట్టమును విడువలేదు. 1970 జూన్ 4న, విమోచన దినమునాడే, ఆ సంరక్షణయు ముగిసెను. 1875 నాటి రాజ్యాంగమే మార్పులతో నిలిచి యున్నది. చాల కాలము ప్రభుత్వములో రాజుదే పైచేయిగా ఉండెను. 2006లో రాజధానియైన నుకుఅలోఫాలో అల్లరులు జరిగి అంగళ్లు కాలెను. 2010లో చట్టము మార్చి, 26 స్థానములలో 17 జనులు ఎన్నుకొనునట్లును, 9 ప్రభువులు తమలో తాము ఎన్నుకొనునట్లును చేసిరి. ఇట్లు ప్రభుత్వము చాల వరకు జనుల చేతికి వచ్చెను.

జార్జి వేసిన పునాదిమీద వచ్చిన భూమిచట్టము చొప్పున, 16 ఏండ్లు నిండిన ప్రతి టోంగా పురుషునికి సాగుకు 8 ఎకరముల 25 సెంట్ల నేలయు, ఇంటికి ఒక నివేశన స్థలమును అడుగుటకు హక్కు కలదు. చిన్న దేశమగుటచేత ఇప్పుడు అందరికిని పంచుటకు నేల చాలదు. స్త్రీలకు ఈ హక్కు పురుషులతో సమానముగా లేదు. ఇవి ఆ చట్టములోని కొరతలు. అయినను నేలను అమ్మరాదను నియమమువలన ఆ దీవుల నేల పరదేశుల పాలు కాలేదు.

నేల చాలక, జీతపు పనులు తక్కువై, టోంగావారు న్యూజీలాండు, ఆస్ట్రేలియా, అమెరికా దేశములకు వలసపోయిరి. స్వదేశములో నున్నవారికంటె బయట నున్నవారే ఎక్కువ. వారు ఇంటికి పంపు డబ్బు దేశపు సంవత్సర ఉత్పత్తిలో ఇంచుమించు అయిదింట రెండు వంతులంత యగుచున్నది. లోకములో ఇట్లు ఆధారపడిన దేశములలో టోంగా ముందు వరుసలో నున్నది. పెండలము, వనిల్లా, గుమ్మడి, చేపలు ఎగుమతి యగును. 2022 జనవరి 15న సముద్రములోని అగ్నిపర్వతము బ్రద్దలై బూడిదయు, ఉప్పెనయు దీవులను కప్పెను. సముద్రము అడుగున వేసిన తంతి తెగి, దూరదేశములలోని పిల్లలకు తలిదండ్రుల సమాచారము దినముల తరబడి అందలేదు. కొడుకును గల్ఫుకో పట్టణమునకో పంపి, అతడు పంపు డబ్బుకొరకును, అతని మాటకొరకును ఎదురుచూచు తల్లులు మన సంఘములలోను ఉన్నారు. వారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

మనకు పాఠము

ప్రియులారా, మనలో రాజులు లేరు. అయినను ప్రతి సంఘములో పెద్దలున్నారు, కమిటీలున్నవి, ప్రతి యింటిలో యజమానుడున్నాడు. మనసు బాగుగా నున్న దినములలో మంచి నియమములు వ్రాసికొందుము. మన మాట కాదన్నవాడు ఎదుట నిలిచినప్పుడు, మనము ఆ నియమములను ప్రక్కకు నెట్టుదుమా, లేక వానికి తలవంచుదుమా? అక్కడనే మన భక్తి పరీక్షింపబడును. జార్జి తుపౌ నాయకుల యెదుట ఆ పరీక్షలో గెలిచెను. తన సొంత కోపము యెదుట ఓడెను.

మరియొక మాట. నాబోతు ద్రాక్షతోటను (1 రాజులు 21) అహాబు తీసికొనెను. జార్జి తన జనుల తోటలను వారికే ఇచ్చెను. మనలో నేల గలవారు, కూలికి పిలుచువారు, పొరుగువాని గట్టు ప్రక్కనే మన గట్టు గలవారు ఈ రెండు కథలను కలిపి చదువుకొనవలెను. అట్లే కోతపండుగ కానుకలు ఎత్తునప్పుడు, పేరుకొరకు అప్పు చేసి ఇచ్చు పోటీని పెద్దలు మన మధ్యకు రానీయకూడదు. బీదవిధవరాలు వేసిన రెండు కాసులు ఆమెవే, వర్తకునివి కావు.

ఈ నెలలో కుటుంబ ప్రార్థనలయందు పైన చెప్పిన మూడు భాగములను, అనగా ద్వితీయోపదేశకాండము 17, 1 రాజులు 21, 2 దినవృత్తాంతములు 26 అధ్యాయములను వరుసగా చదివి, మన గ్రామ పెద్దలకొరకును, సంఘ పెద్దలకొరకును, మన ప్రభుత్వముకొరకును, దూరపు సముద్రములోని టోంగా సహోదరులకొరకును ప్రార్థింపుడని మేము మిమ్మును కోరుచున్నాము. అధికారము ఇచ్చిన దేవుడు దానికి లెక్క అడుగును. ఆ లెక్క చెప్పవలసిన దినమును మరువని హృదయమును ఆయన మన కందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.